ఉప్పుగాలిలో పాత మోటారు

విశాఖపట్టణము ఇనుమును నమ్ముకొనిన నగరము. 1933లో రేవు తెరువబడిన నాటినుండి ఇచ్చటికి ఇనుప ఓడలు వచ్చిపోవుచున్నవి. 1948 మార్చి 14న సింధియా కంపెనీవారి నౌకానిర్మాణ కేంద్రమున తయారైన 'జల ఉష' ఓడను జవహర్లాల్ నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. 1992 ఆగస్టు 1న ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైనది. ఐనను ఇనుమునకు ఇంత పేరు తెచ్చిన ఈ తీరమే ఇనుమునకు గొప్ప శత్రువు కూడను. ఇక్కడి గాలిలో తేమయు ఉన్నది, ఉప్పును ఉన్నది. కిటికీ ఊచలు, గేటు మడతబందులు, సైకిలు చక్రపు పుల్లలు రెండు వర్షాకాలములు గడచునప్పటికి ఎర్రబారుట ఈ ఊరి గృహస్థు లందరును ఎరిగినదే.

ఇట్టి ఊరిలో తండ్రిగారు కొనిన అంబాసిడరునో, తాతగారి నాటి ఫియెటునో, ఒక పాత జీపునో, స్కూటరునో ఇంటివద్దనే బాగుచేసికొని నిలుపుకొనవలెనను కోరిక కొందరికి కలుగుచున్నది. అంబాసిడరు తయారీ ఉత్తరపారా కర్మాగారమున 2014 మే నెలలో నిలిచిపోయినది. ఇక క్రొత్తది రాదు, ఉన్నదానిని కాపాడుకొనవలసినదే. కావున ఆ కోరిక మెచ్చదగినదే. కాని చాలమంది ఈ పనిని రంగుతో మొదలుపెట్టుదురు. రంగు ఈ పనిలో చివరిది. తుప్పు ఎట్లు పుట్టునో తెలిసికొనుట మొదటిది. అది దాగియున్న చోటును వెదకి పట్టుట రెండవది. ఈ రెండును చేయక రంగు వేసినచో తుప్పునకు దుప్పటి కప్పినట్లగును. దాని క్రింద అది మరింత సుఖముగా పెరుగును.

తుప్పు పుట్టుటకు ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు కావలెను. ఈ మూడును ఎట్లు కలిసి పనిచేయునో ఇంటిలోనే చూడవచ్చును. బాగుగా తోమిన ఇనుపరేకుపై ఒక చుక్క ఉప్పునీరు వేసి కొన్ని గంటలు కదలింపక ఉంచుడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున యు. ఆర్. ఎవాన్సు అను శాస్త్రజ్ఞుడు 1920 ప్రాంతపు సంవత్సరములలో ఇట్టి చుక్కనే శ్రద్ధగా పరిశీలించి తుప్పు రహస్యమును విప్పిచెప్పెను. చుక్క అంచున నీటిపొర పలుచన. అక్కడ గాలి సులభముగా ఇనుమును చేరును. నడుమ పొర మందము; అక్కడికి గాలి అంతగా అందదు. గాలి తగిలినచోటనే ఇనుము చెడునని మనము సామాన్యముగా తలతుము. జరుగునది దానికి విరుద్ధము. గాలి తక్కువగా అందు నడిమి భాగమునందే ఇనుము కరగి నీటిలో కలియును. అంచునందలి ఇనుము నిలిచియుండును. కరగిన ఇనుము అంచువైపు సాగి, అక్కడి ప్రాణవాయువుతో కలిసి ఎర్రని వలయమై పేరుకొనును. అనగా ఆ చుక్క ఒక చిన్న విద్యుద్ఘటము. నడిమి భాగము దానికొక కొస. అంచు రెండవ కొస. ఉప్పు ఆ నీటిలో విద్యుత్తు ప్రవహించుటకు దారిచేయును. కనుకనే ఉప్పు తోడైనచోట తుప్పు త్వరపడును.

ఈ చుక్క నేర్పు పాఠమును పాత కారు విషయమున గుర్తుంచుకొనవలెను. కంటికి కనబడు చోట లేచిన ఎరుపు చిన్న కీడు. బురద పేరుకొనిన మడ్‌గార్డు మడతలలో, రెండు రేకులు అతుకబడిన సందులో, రబ్బరు పట్టీ వెనుక, తడిసిన పట్టా క్రింద, అనగా గాలి సరిగా ఆడని చోట్లనే, ఇనుము హరించిపోవుచుండును.

ఇక ఉప్పు సంగతి. వర్షాకాలమున వంటింటి జాడీలోని కల్లుప్పు నీరుకారుట ప్రతి ఇంట చూచుచున్నదే. శుద్ధమైన ఉప్పు గాలిలోని తేమ సుమారు 75 శాతము దాటగానే నీటిని పీల్చుకొని కరగును. సముద్రపుటుప్పులో మెగ్నీషియము క్లోరైడు అను మరియొక లవణముకూడ కొంత కలిసియుండును. నీరు పీల్చుకొనుటకు దానికి 33 శాతము తేమ చాలును. విశాఖలో గాలి అంతగా పొడిబారుట అరుదు. కావున రేకుపై ఉప్పుపొర ఉన్నంతకాలము, వాన లేకున్నను, ఎండ కాయుచున్నను, ఆ రేకు తడిసియే ఉన్నదని భావింపవలెను. సముద్రతీరపు రోడ్డు ప్రక్కనున్న ఇంటిలో ఏనాడును వానలో తడువని కారు సహితము తుప్పుపట్టుటకు ఇదియే కారణము.

కారు నిర్మాణమును గూర్చి కూడ రెండు మాటలు చెప్పవలెను. జీపునకు ఛాసీసు వేరు, పైరేకు వేరు. పైరేకునకు చిల్లిపడినను బండి బలము వెంటనే తగ్గదు. అంబాసిడరు అట్లు కాదు. అది ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు ననుసరించి చేయబడినది. దానికి విడిగా ఛాసీసు లేదు; పాత ఫియెటు 1100కును లేదు. నేలరేకు, తలుపుల క్రింద పొడవునా సాగు డొల్ల దూలములు, స్తంభములు, పైకప్పు అన్నియు ఒకదానితో నొకటి అతుకబడి, శరీరమే అస్థిపంజరమై ఉన్నది. స్కూటర్లలోను వెస్పా, బజాజ్ చేతక్ వంటివి ఇట్లు అచ్చొత్తిన రేకుతో కట్టిన బండ్లే. ఇట్టి వాహనములలో డొల్ల దూలమునకు తుప్పుపట్టుట అందమునకు సంబంధించిన లోపము కాదు; ఎముకకు పట్టిన జబ్బు.

మేమెరిగిన ఒక ఇంట జరిగిన సంగతి ఇందుకు సాక్ష్యము. పెండ్లి ముహూర్తము దగ్గరపడుచుండగా పాత ఫియెటునకు లప్పము పూయించి, తళతళలాడు రంగు వేయించిరి. పెండ్లినాడు అందరును కారును మెచ్చుకొనిరి. మరుసటి వర్షాకాలము వెళ్లగానే తలుపుల క్రింద పొక్కులు లేచినవి. చక్రము మార్చుటకై జాకీ పెట్టి ఎత్తబోగా కారు లేవలేదు. జాకీయే దూలములోనికి దిగిపోయినది. అందులో మిగిలినది ఎర్రపొడి, లప్పము, రంగు మాత్రమే. ఆ సమయమున కారు క్రింద ఎవరును లేకుండుట ఆ కుటుంబము చేసికొనిన పుణ్యము.

కావున మొదట పరీక్ష. దీనికి పెద్ద పనిముట్లు అక్కరలేదు. ఒక టార్చిలైటు, చిన్న సుత్తి, మొద్దుబారిన స్క్రూడ్రైవరు, పిల్లలు ఆడుకొను అయస్కాంతము చాలును. లోపలి పట్టాలన్నియు తీసివేయుడు. సుత్తితో మెల్లగా తట్టినచో గట్టి ఇనుము ఖంగున మ్రోగును, చెడినది బొదబొదలాడును. అనుమానముగా ఉన్నచోట స్క్రూడ్రైవరుతో నొక్కి చూడుడు. అయస్కాంతము అతుకుకొననిచోట ఇనుము లేదు, లప్పమున్నదని తెలిసికొనుడు. తలుపుల అడుగు అంచులు, డొల్ల దూలముల కొసలు, ముందు మడ్‌గార్డుల వెనుకభాగము, బ్యాటరీ క్రింది పళ్లెము, డిక్కీలో అదనపు చక్రముంచు గుంట, ముందు అద్దపు రబ్బరు క్రింది అంచు, వెనుక కమానుపట్టాలు శరీరమునకు బిగింపబడిన చోట్లు తప్పక చూడవలెను. బ్రేకు నూనెను చక్రములకు కొనిపోవు సన్నని ఇనుప గొట్టములను మరువరాదు. అవి పొరలుగా ఊడుచున్నచో వాటిని బాగుచేయు ప్రయత్నము వలదు, మార్చివేయవలెను.

ఈ పరీక్షలో తుప్పు మూడు విధములుగా కనబడును. తోమినచో పోవు పైపొర తుప్పు ఒకటి. తోమిన పిదప మశూచి మచ్చలవంటి గుంటలు మిగులునది రెండవది. వేలితో నొక్కినచో విరుగునది, చిల్లిపడినది మూడవది. మొదటి రెండును ఇంటిలో చేసికొనదగిన పనులు. మూడవది కాదు. చెడిన రేకును గట్టి ఇనుము కనబడువరకు కోసివేసి, అదే మందము గల క్రొత్త రేకును అతికింపవలెను. డొల్ల దూలమును కోయుటకు ముందు శరీరము వంగిపోకుండ ఆధారములు బిగింపవలెను. లేనిచో మరల తలుపులు సరిగా పడవు. ఇది అనుభవముగల వెల్డరుకు అప్పగింపవలసిన పని. చిల్లిపై గుడ్డయు జిగురును అంటించి లప్పము పూయుట మరమ్మతు కాదు.

ఇంటిలో చేయుపనికి మంచికాలము సంక్రాంతి మొదలు ఉగాది వరకు. తుపాను రోజులు వెళ్లియుండును. చెమట ఎండలు ఇంకను ముదరవు. మొదటి పని కడుగుట. అడుగుభాగమును, మడ్‌గార్డుల లోపలిభాగమును, దూలముల లోపలిని మంచినీటితో సమృద్ధిగా కడుగవలెను. తీరమునకు దగ్గరనున్న కొన్ని బోరుబావుల నీరు ఉప్పగా నుండును; ఆ నీటితో కడిగినచో శత్రువును మనమే పిలిచినట్లగును. కడిగి, తుప్పు గోకి, మరల కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక రాత్రి గడచిన పిదప చూడుడు. ఇనుముపై సన్నని చెమట బిందువులవంటివి లేచినచో గుంటలలో ఉప్పు ఇంకను మిగిలియున్నదని అర్థము. మరల కడుగవలెను. ఈ ఓపిక లేకపోవుట వలననే ఎంత ఖరీదైన రంగైనను ఒక సంవత్సరములో పొక్కుచున్నది.

పెద్ద భాగములకు ఇనుపతీగల బ్రష్షు, ఎమరీ కాగితము చాలును. విప్పదీయదగిన చిన్న భాగములకు విద్యుత్తుతో తుప్పు వదల్చు పద్ధతి ఒకటి కలదు. సముద్రమున దొరకిన ప్రాచీన ఇనుప వస్తువులను పురావస్తుశాలలవారు ఇట్టి పద్ధతితోనే బాగుచేయుదురు. ప్లాస్టిక్ బకెట్టులో మంచినీరు పోసి కొద్దిగా చాకలిసోడా కలుపుడు. తుప్పుపట్టిన వస్తువును 12 వోల్టుల బ్యాటరీ చార్జరు ఋణధ్రువమునకు, పనికిరాని ఇనుపముక్కను ధనధ్రువమునకు తగిలించి, రెండును ఒకదానికొకటి తగులకుండ నీటిలో వ్రేలాడదీయుడు. కొన్ని గంటలలో తుప్పు వదులై బ్రష్షుతో ఊడివచ్చును. చాకలిసోడాకు బదులు ఉప్పు వేయరాదు, విషవాయువు పుట్టును. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు, నీరు విషమగును. ఈ పనిలో ఉదజని వాయువు వెలువడును గనుక ఆరుబయటనే చేయవలెను. దగ్గర నిప్పు ఉండరాదు. చార్జరు ఆపిన తరువాతనే నీటిలో చేయి పెట్టవలెను. గట్టిదనమిచ్చిన స్ప్రింగులను, ముఖ్యమైన బోల్టులను ఇట్లు శుభ్రపరుపరాదు; అవి పెళుసుబారు ప్రమాదమున్నది.

ఎంత తోమినను గుంటల అడుగున కొంచెము తుప్పు మిగులును. దానిని మార్చివేయు ద్రవములు బజారులో దొరకును. వానిలో కొన్నిటికి మూలమైన టానికామ్లము మన ఇండ్లకు క్రొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో నానవేసి పులియబెట్టుదురు. కరక్కాయ రసము పట్టించిన గుడ్డపై ఆ నీటితో గీయగానే నల్లని గీత పడును. కరక్కాయలోని టానికామ్లము ఇనుముతో కలిసి నలుపగుటయే ఆ రహస్యము. తుప్పుపై ఈ ద్రవము పూసినప్పుడు అది నీలిచాయతో నల్లబడుటయు అట్టిదే. ఫాస్ఫారికామ్లముతో చేసిన ద్రవములు మరియొక రకము. ఏదైనను పలుచని తుప్పునకే పనిచేయును. పొరలుగా లేచిన తుప్పుపై పూసినచో పైభాగము నల్లబడును, అడుగున ఎర్రతుప్పు అట్లే ఉండును. పనియైన పిదప మిగిలిన ఆమ్లమును డబ్బాపై వ్రాసిన విధమున తొలగింపవలెను.

తరువాతిది ప్రైమరు. ఈ విషయమున నౌకలకు రంగువేయువారు పాటించు నియమము ఒకటి మనకును శిరోధార్యము. చన్నీటి చెంబు వెలుపల చెమర్చుట చూచియున్నాము. ఇనుపరేకును చల్లబడినప్పుడు కంటికి కనబడనంత పలుచగా చెమర్చును. కావున రేకు వేడిమి ఆ చెమర్చు వేడిమికంటె కనీసము 3 సెంటిగ్రేడు డిగ్రీలు ఎక్కువగా ఉన్నప్పుడు, గాలిలో తేమ 85 శాతమునకు లోబడి ఉన్నప్పుడు మాత్రమే రంగు వేయవలెను. ఇంటి భాషలో చెప్పవలెనన్న, ఉదయము 10 గంటలకు మొదలుపెట్టి మధ్యాహ్నము 3 గంటలకు ముగింపుడు. శుభ్రపరచిన ఇనుమును ఆనాడే ప్రైమరుతో కప్పవలెను. ఒక్క రాత్రియైనను ఉప్పుగాలికి వదలరాదు. అందుచేత ఒక దినమున పూర్తిచేయగలిగినంత భాగమునే తోముట మేలు. సామాన్యమైన రెడాక్సైడు ప్రైమరు గ్రిల్లులకు చాలవచ్చును గాని, కారు అడుగుభాగమునకు రెండు డబ్బాలు కలిపి వాడు ఎపాక్సీ ప్రైమరు మేలైనది. అది నీటిని సులభముగా లోనికి రానీయదు. లప్పము నీటిని పీల్చును గనుక దానిని ఎపాక్సీ పొరమీదనే, అదియు పలుచగానే వాడవలెను.

ఇచ్చట కొందరు ఒక ప్రశ్న వేయుదురు. ఓడలకు జింకు దిమ్మలు తగిలింతురు గదా, కారునకు ఏల తగిలింపరాదని. ప్రశ్న మంచిదే. 1824లో హంఫ్రీ డేవీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఓడల రాగిరేకును మరియొక లోహము బలియై కాపాడునని చూపెను. జింకు తాను కరగిపోవుచు ఇనుమును నిలుపును. కాని దిమ్మకును ఇనుమునకును నడుమ విద్యుత్తు సాగుటకు సముద్రపు నీరు ఉండవలెను. కారు గాలిలో నిలుచును. కనుక ఒక మూల తగిలించిన దిమ్మ మరియొక మూలను కాపాడలేదు. రామకృష్ణా బీచిలో 2002 నుండి సందర్శకులు చూచుచున్న కుర్సురా జలాంతర్గామి ఇందుకు ఉదాహరణము. 1969లో నౌకాదళమున చేరి, 2001లో విశ్రాంతి పొందిన ఈ 91 మీటర్ల నౌకకు సముద్రములో నున్నంతకాలము చుట్టును నీరుండెను. గట్టుపైకి చేరిన పిదప దానిని అలల తుంపరనుండి కాపాడవలసినది ఎడతెగని శుభ్రతయు, రంగును మాత్రమే. మన కారు స్థితియు అదియే. జింకు మేలు కారునకు కావలెనన్నచో జింకుపొడి నిండిన ప్రైమరును, పూర్తిగా తుప్పు వదిలిన ఇనుముపై నేరుగా పూయవలెను. తుప్పుపై పూసినచో అది ఇనుమును తాకదు గనుక పనిచేయదు.

బయటి రంగు ఎండిన పిదప అన్నిటికంటె ముఖ్యమైన పని మిగిలియుండును. అది డొల్లల లోపలి రక్షణ. తలుపుల అడుగున, దూలముల క్రింద నీరు కారిపోవుటకు చిన్న రంధ్రములు ఉండును. బురదతోను, పాత రంగుతోను అవి పూడిపోవును. మొదట వానిని సన్నని తీగతో తెరువుడు. ఆ పిదప డొల్లలకై తయారుచేసిన పలుచని మైనపు ద్రవమును పొడవైన గొట్టము ద్వారా లోపలికి చిమ్మవలెను. అది అతుకుల సందులలోనికి ప్రాకి, ఆరి, మెత్తని పొరగా నిలుచును. చిమ్మిన తరువాత రంధ్రములు మరల తెరచియున్నవో లేవో చూడవలెను. వాడిన ఇంజినాయిలును అడుగున కొట్టించు అలవాటు కొన్నిచోట్ల కలదు. అది చౌక గాని, అందులో ఆమ్లములు, మసి ఉండును; రబ్బరు భాగములను ఉబ్బించి చెరచును; చర్మమునకును నేలకును హానికరము. మందముగా తారు పూయుటయు మంచిది కాదు. కొన్నేండ్లకు తారు బీటలు వారును. ఆ బీటలలో ఉప్పునీరు చేరి నిలుచును. పైకి నల్లగా నిగనిగలాడుచుండగా క్రింద ఇనుము తరుగును.

ప్రాణరక్షణను గూర్చిన మాటలు కొన్ని తప్పక చెప్పవలెను. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు క్రిందికి ఎవరును పోరాదు. గట్టి స్టాండులు తప్పనిసరి. స్టాండును తుప్పుపట్టిన దూలము క్రింద పెట్టరాదు. పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉన్నను లోపల ఆవిరి నిలిచియుండును; దానికి వెల్డింగు ఇంటిలో ఎన్నడును వలదు. పాత కార్ల రంగులో సీసము ఉండవచ్చును; కనుక పొడిగా గీకక తడిపి గీకవలెను, ముక్కునకు తగిన ముసుగు ధరింపవలెను, పిల్లలను దూరముగా ఉంచవలెను. ఆ పొడిని వంటింటి చీపురుతో ఊడ్వరాదు.

చట్టమును గూర్చి ఒక మాట. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, ఛాసీసు, శరీరము, ఇంజను విషయమున పెద్ద మార్పులు లేని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములను ప్రాచీన వాహనములుగా నమోదు చేసికొనవచ్చును. వాని సంఖ్యలో రాష్ట్రపు అక్షరముల పిదప 'వీఏ' అను అక్షరములు వచ్చును. అట్టి వాహనమును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు, ఇంధనము నింపుకొనుటకు నడుపవచ్చును గాని నిత్యము రోడ్డుపై తిప్పుటకు, బాడుగకు వాడరాదు. కావున పాత భాగములను తొందరపడి పారవేయక, బాగుపడునవి బాగుచేసి వాడుట అన్ని విధముల మేలు.

ఇంతయు చేసినను ఉప్పుగాలి ఆగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరముపై విరుచుకుపడిన సంగతిని మనము మరువలేదు. అట్టి తుపాను వెలిసిన మరునాడే కారు అడుగును మంచినీటితో కడుగుట రంగు డబ్బాకంటె ఎక్కువ మేలుచేయును. మామూలు దినములలో నెలకొకమారు అడుగుభాగమును కడిగి, తలుపులు తెరచి గాలికి ఆరనీయుడు. గాలియాడని ప్లాస్టిక్ ముసుగు కప్పవలదు. వర్షాకాలమునకు ముందొకమారు, తరువాత నొకమారు రంధ్రములు తెరచియున్నవో లేదో చూడుడు. ఏటేట సంక్రాంతి తరువాత డొల్లలలోని మైనపుపొరను టార్చిలైటుతో పరీక్షించి, తరిగినచోట మరల చిమ్ముడు. ఈ పనులకు డబ్బు కొద్దిగానే పట్టును. తప్పక చేయుచున్న ఇంట పాత మోటారు తరువాతి తరమువారి చేతికి గట్టి ఇనుముతోనే అందును.